పశువుల్లో టీబీ: పాక నుంచి పాలగిన్నె దాకా ఏం చెయ్యాలి, ఏది ముందు చెయ్యాలి

ఇంట్లో రెండు గేదెలున్నవాళ్ల నుంచి ముప్పై నలభై ఆవుల ఫామ్ నడిపేవాళ్ల దాకా అందరికీ పనికొచ్చేలా రాస్తున్నా, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. గాలికుంటు గురించో లంపీ గురించో మాట్లాడుకున్నంతగా మనం పశువుల టీబీ గురించి మాట్లాడుకోం. గాలికుంటు వస్తే తెల్లారేసరికి నోట్లోంచి సొంగ కారుతూ కనబడిపోతుంది, టీబీ అలా కాదు, నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి లోపలే ఉంటుంది, ఈలోపు పశువు మేస్తుంది, ఈనుతుంది, పాలిస్తుంది, సంతలో మంచి రేటుకి అమ్ముడుపోతుంది కూడా. మన దేశంలో జరిగిన స్టడీలన్నీ కలిపి 2018లో ఒక లెక్క వేశారు, అందులో నూటికి ఏడు పశువులకి పైనే ఈ ఇన్ఫెక్షన్ ఉండొచ్చని, అంటే రెండు కోట్లు దాటి ఉండొచ్చని తేలింది. అన్నీ జబ్బు పడి దగ్గుతున్నవి కావు, ఎక్కువ భాగం బయటికి బానే ఉన్నవే, చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఇదేంటో రెండు ముక్కల్లో

మనుషులకి మామూలుగా వచ్చే టీబీ క్రిమి మైకోబ్యాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్, పశువులకి వచ్చేది దాని దాయాది మైకోబ్యాక్టీరియం బోవిస్. దక్షిణాసియాలో ఒరిగిస్ అనే ఇంకో దాయాది కూడా పశువుల్లోనూ మనుషుల్లోనూ దొరుకుతోంది. ఇవి ఆవు, గేదె, మేక, పిల్లి, మనిషి అని చూడవు, ఎవరికైనా వస్తాయి. పశువు నుంచి పశువుకి ఎక్కువగా గాలి ద్వారా, అంటే మూసేసిన పాకలో పక్కపక్కన కట్టేసినప్పుడు దగ్గు తుంపర్లతో పోతుంది, తల్లి నుంచి దూడకి పాలతో పోతుంది. మనిషికి ముఖ్యంగా పచ్చిపాలతో, రెండోది రోజూ పాకలో పనిచేసేవాళ్లకి గాలితో వస్తుంది.

అలాగని ఊళ్లో ఎవరికి టీబీ వచ్చినా ఆవు మీదకి తోసెయ్యకండి. ప్రపంచం మొత్తం మీద 2019లో సుమారు లక్షా నలభై వేల మందికి పశువుల రకం టీబీ వచ్చిందని, పదకొండు వేల మందికి పైగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అదే ఏడాది మొత్తం టీబీ కేసులు కోటి దాకా ఉన్నాయి, కాబట్టి పశువుల వాటా చిన్నదే, కానీ ఆ చిన్న వాటా పడేది పాడి ఇళ్ల మీద, పచ్చిపాలు తాగే పిల్లల మీద.

ఇక్కడో సంగతి చెప్పాలి. టీబీ క్రిమిని 1882లో కనిపెట్టిన రాబర్ట్ కాక్ అంతటివాడు 1901లో లండన్‌లో నిలబడి, పశువుల టీబీ వల్ల మనుషులకి పెద్ద ప్రమాదం లేదని చెప్పాడు. అది తప్పని బ్రిటన్ వాళ్లు వేసిన రాయల్ కమిషన్ తేల్చేసరికి 1911 వచ్చింది. ఇంకా విచిత్రం, మన పిల్లలకి పుట్టగానే వేసే బీసీజీ టీకా ఈ బోవిస్ నుంచి తయారైందే, ఫ్రాన్స్‌లో కాల్మెట్, గేరాన్ అనే ఇద్దరు పదమూడేళ్లు దాన్ని మళ్లీ మళ్లీ పెంచి బలం తగ్గించి 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకి ఇచ్చారు.

స్టెప్ 1: పాలు. ఇది ఈ పూట నుంచే

టెస్టులు, డాక్టర్లు అన్నీ తర్వాత, ముందు పొయ్యి మీద మన చేతిలో ఉన్న పని చూద్దాం. ఈ క్రిమి వేడికి నిలవదు. డెయిరీల్లో పాశ్చరైజేషన్ అంటే 63 డిగ్రీల దగ్గర అరగంట, లేదంటే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు, అంతే, అక్కడికే చచ్చిపోతుంది. మనం ఇంట్లో పాలు పొంగిస్తాం కాబట్టి అంతకంటే ఎక్కువే చేస్తున్నాం. పొంగు రాగానే దించెయ్యకుండా మంట తగ్గించి గరిటెతో కలుపుతూ రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి, పెద్ద గిన్నె అయితే ఇంకాస్త. మిల్క్ కుక్కర్ అయితే విజిల్ వచ్చాక కూడా కాసేపు ఉంచండి. వెనకటికి దాలిలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పాలు ఎర్రగా కాగేవి, ఆ అమ్మమ్మలకి ఏ క్రిమి పేరూ తెలీదు కానీ పని మాత్రం పక్కాగా చేశారు.

మన ఇళ్లల్లో పాలు కాస్తారుగా, ఇంక భయమేంటి అంటారా, పచ్చిపాలు ఇంట్లోకి దొంగదారుల్లో వస్తాయి, అవి చూసుకోవాలి:

గుమ్మపాలు. పొదుగు దగ్గరే వెచ్చగా పిల్లలకి పట్టడం, బలం వస్తుందని కుస్తీ పట్టే కుర్రాళ్లు తాగడం. ఆ వెచ్చదనం పశువు ఒంటి వేడి, క్రిమి హాయిగా బతికే వేడి అదే. ఇది మానెయ్యాలి, ఇందులో మధ్యేమార్గం లేదు.

పంచామృతం, అభిషేకం పాలు. దేవుడికి పచ్చిపాలే పోస్తాం, తర్వాత అదే తీర్థంగా అందరికీ ఇస్తాం. తాగడానికి పంచే భాగం వరకు కాచి చల్లార్చిన పాలతో విడిగా కలుపుకోండి, పూజారి గారికి ముందే చెప్తే ఏ గొడవా ఉండదు.

జున్ను. ఆవిరి మీద బాగా ఉడికించి గట్టిగా తీసిన జున్నుతో భయం లేదు, మధ్యలో ఇంకా పల్చగా ఉన్నదాన్ని తినొద్దు, మురిపాలు పచ్చిగా రుచి చూడొద్దు.

పచ్చిపాలకే తోడేసిన పెరుగు, దాని మజ్జిగ, దాని వెన్న. పులిస్తే క్రిమి పోతుంది అనేది నమ్మదగ్గ మాట కాదు. కాచి తోడెయ్యండి.

సిటీల్లో గాజు సీసాల్లో వచ్చే దేశీ ఆవు పాలు. ఏ2 అని, అన్‌ప్రాసెస్డ్ అని లీటరుకి డబుల్ రేటు పెట్టి కొని, కాస్తే పోషకాలు పోతాయని అలాగే తాగేస్తున్నారు కొంతమంది. నా మట్టుకు నాకు ఈ ఫ్యాషన్ అస్సలు మింగుడు పడదు. దేశీ ఆవుకి ఈ జబ్బు కాస్త తక్కువ రావచ్చు గానీ రాదని మాత్రం కాదు. కాచుకుని తాగండి, రేటు మీ ఇష్టం.

పిల్లికి పోసే పాలు కూడా కాచినవే పొయ్యండి, పిల్లులకి ఇది తేలిగ్గా అంటుకుంటుంది, అది మళ్లీ మంచం మీదకే వచ్చి పడుకుంటుంది.

స్టెప్ 2: ఏ పశువు మీద కన్నెయ్యాలి

కంటితో చూసి టీబీ అని ఎవరూ చెప్పలేరు, పెద్ద డాక్టరైనా సరే. కానీ ఏ పశువుకి ముందు టెస్ట్ చేయించాలో మాత్రం చూసి చెప్పొచ్చు. దాణా, గడ్డి బాగానే తింటూ ఉన్నా నెలనెలకీ చిక్కిపోయి డొక్కలు తేలడం, పొద్దున్నే చల్లగాలికి లేపినప్పుడో నాలుగడుగులు తోలినప్పుడో పొడిదగ్గు, వచ్చిపోయే కొద్దిపాటి జ్వరం, తగ్గుతూ పోయే పాలు, మందులెన్ని వాడినా లొంగని పొదుగు గట్టిదనం, గొంతు కింద గడ్డల వల్ల గురక లాంటి శ్వాస, ఊరికే మాటిమాటికీ పొట్ట ఉబ్బడం. ఇందులో ఏ ఒక్కటీ టీబీకి మాత్రమే ఉండేది కాదు. కడుపులో ఇనప తీగ గుచ్చుకున్నా చిక్కిపోతుంది, ఊపిరితిత్తుల్లో పురుగులున్నా దగ్గుతుంది, జోన్స్ వ్యాధి అయితే పారుకుంటూ ఎండిపోతుంది. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టి ఏ పశువు ఎప్పటి నుంచి ఎలా ఉంది, ఏ మందు పడింది, ఎక్కడ కొన్నాం అనేది రాసుకుంటే డాక్టర్‌కి సగం పని తేలికవుతుంది. ఎండాకాలంలో గడ్డి లేక అన్నీ చిక్కుతాయి, వాటి మధ్య ఒక్కటి మాత్రం వానలు పడి పచ్చగడ్డి వచ్చినా తేరుకోకపోతే దాన్ని గుర్తు పెట్టుకోండి.

స్టెప్ 3: చర్మం టెస్ట్ చేయించడం

దగ్గరున్న పశువుల ఆసుపత్రిలో డాక్టర్ని కలిసి ట్యూబర్‌క్యులిన్ టెస్ట్ చెయ్యమని అడగండి. ఊళ్లో గోపాలమిత్ర ఉంటే ఆయన ద్వారా కబురు పంపండి, 1962కి ఫోన్ చేస్తే రెండు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్స్ వాళ్లు పలుకుతారు. ట్యూబర్‌క్యులిన్ మందు, అంటే టీబీ క్రిమి నుంచి తీసిన ప్రోటీన్, అన్ని ఆసుపత్రుల్లో రెడీగా ఉండదు, తెప్పించుకోవాల్సి రావచ్చు, అందుకని ఒక్క గేదె కోసం కాకుండా వీధిలో నలుగురు కలిసి అందరి పశువులకీ ఒకేసారి అడిగితే పని అవుతుంది.

టెస్ట్ ఇలా ఉంటుంది. మెడ మీద మధ్యలో కొంచెం జుట్టు గీసి, కాలిపర్‌తో చర్మం మందం కొలిచి రాసుకుంటారు, చర్మం పొరలోకే 0.1 మిల్లీలీటర్ మందు ఎక్కిస్తారు, చిన్న బఠానీ గింజలా ఉబ్బుతుంది. సరిగ్గా 72 గంటలకి మళ్లీ వచ్చి అదే చోట కొలవాలి. మందం 4 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగితే, లేదా అక్కడ వేడి, నొప్పి, రసి కారడం ఉంటే పాజిటివ్. 2 మిల్లీమీటర్ల లోపే పెరిగి మిగతావేవీ లేకపోతే నెగెటివ్. మధ్యలో ఉంటే అనుమానం, కనీసం 42 రోజులు ఆగి మళ్లీ చెయ్యాలి, ముందే చేస్తే శరీరం సరిగ్గా స్పందించదు.

మనవైపు నుంచి చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. మూడో రోజు పండగో ఆదివారమో పడకుండా రోజు చూసుకోండి, డాక్టర్ రెండోసారి రాకపోతే అసలు టెస్ట్ చెయ్యనట్టే. ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం సార్ అంటే కుదరదు, అది వేలితో తడిమి, కాలిపర్‌తో కొలిచి చెప్పాల్సింది. ఆ చోట రుద్దడం, పసుపు రాయడం, గుంజకి గోకనివ్వడం వద్దు. ఈనబోయే ముందు, ఈనిన నెలా నెలన్నర లోపు టెస్ట్ తప్పుగా నెగెటివ్ చూపించొచ్చు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడినా అంతే, కాబట్టి అవన్నీ డాక్టర్‌కి చెప్పండి. కొత్తగా అంటుకున్న పశువు మొదటి కొన్ని వారాలు, బాగా ముదిరి ఎముకల గూడైపోయిన పశువు చివర్లో, రెండూ నెగెటివ్ రావచ్చు. అటువైపు జోన్స్ వ్యాధి ఉన్నవీ, మట్టిలో ఉండే వేరే క్రిములు తగిలినవీ తప్పుగా పాజిటివ్ రావచ్చు. అలాంటి అనుమానం ఉంటే పక్షుల టీబీ మందు ఒకచోట, పశువుల టీబీ మందు ఇంకోచోట వేసి రెండిటి వాపూ పోల్చి చూసే టెస్ట్ ఉంది, దాన్ని చెయ్యమని అడగండి. రక్తంతో చేసే గామా ఇంటర్‌ఫెరాన్ టెస్ట్ కూడా ఉంది గానీ అది ల్యాబుల్లోనే, రక్తం త్వరగా చేర్చాలి, పల్లెలకి ఇంకా దూరమే.

స్టెప్ 4: పాజిటివ్ వస్తే

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. అమెరికా లాంటి చోట్ల 1917 నుంచే టెస్ట్ చెయ్యి, పాజిటివ్ అయితే కోసెయ్యి అనే పద్ధతితో జబ్బుని దాదాపు తుడిచేశారు. మన దగ్గర ఆవుల వధ మీద చట్టాలున్నాయి, మనసు కూడా ఒప్పదు. మరి పాజిటివ్ ఆవుని ఏం చేస్తారు? చాలామంది చేసేది ఒకటే, నోరు మెదపకుండా సంతకి తోలి అమ్మేస్తారు. అలా అమ్మితే జబ్బు మన పాక నుంచి పోయి ఇంకొకరి పాకలో పడుతుంది, అక్కడ చిన్నపిల్లలుంటే వాళ్ల గ్లాసులో పడుతుంది. ఇది మామూలు అమ్మకం అని నేననుకోను. 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం పశువుల టీబీ అధికారులకి తెలియజెయ్యాల్సిన జబ్బుల జాబితాలో ఉంది, అమ్మడం సంగతి అటుంచి దాచడమే తప్పు.

చెయ్యాల్సింది విడదీయడం. పాజిటివ్ పశువుని వేరే పాకలో, వీలైతే ఓ ముప్పై అడుగులైనా దూరంలో, గాలి మిగతా వాటి మీదకి వీచని వైపు కట్టండి. దాని నీళ్ల తొట్టి, కుడితి తొట్టి, దాణా గంప, తాడు, చీపురు అన్నీ దానివే. అందరూ మూతి పెట్టే కుడితి తొట్టి ఒక్కటి వేరు చేసినా సగం మేలు. పని వరసలో మంచి పశువుల పని ముందు, దీని పని ఆఖర్న, చివర్లో చేతులు కాళ్లు సబ్బుతో కడుక్కోవాలి, దగ్గర పనిచేసేవాళ్లు ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి.

పుట్టిన దూడని దాని దగ్గర గుడవనివ్వొద్దు. వేరే మంచి ఆవు మురిపాలు దొరికితే పట్టండి, తర్వాత కాచి చల్లార్చిన పాలు సీసాతోనో బకెట్‌తోనో అలవాటు చెయ్యండి. దూడ లేకపోతే చేపదే అంటారు, నిజమే, నాలుగు రోజులు ఇబ్బంది పడుతుంది, దాణా పెట్టి పొదుగు వెచ్చటి నీళ్లతో కడిగి నిమిరితే చాలా గేదెలు అలవాటు పడతాయి.

పాలు కేంద్రానికి కలిపి పొయ్యొద్దు, ఒక్క పశువు పాలు క్యాన్ మొత్తాన్ని పాడు చేస్తాయి. పొదుగులోనే జబ్బు ఉందని డాక్టర్ చెప్తే ఆ పాలు కాచి కూడా వాడకుండా పారబొయ్యడమే నయం.

మందులతో తగ్గించొచ్చా అని అందరూ అడుగుతారు. మనుషుల టీబీ మాత్రలు కొని పశువుకి వెయ్యకండి, దయచేసి. నెలల తరబడి వెయ్యాలి, మధ్యలో ఆపేస్తే మొండి క్రిమి తయారవుతుంది, మందు పాలల్లోకి వస్తుంది, పైకి బాగైనట్టు కనబడి లోపల వదులుతూనే ఉంటుంది. గోశాలకి ఇచ్చేద్దాం అనుకుంటే రిపోర్ట్ చూపించి, విడిగా కట్టే చోటుందా అని అడిగి ఇవ్వండి, చెప్పకుండా ఇస్తే అక్కడున్న వందల ఆవులకి అంటించినట్టే.

మిగతా మందకి రెండు నెలల గ్యాప్‌తో టెస్ట్ చేయిస్తూ పోవాలి. వరసగా రెండుసార్లు అన్నీ నెగెటివ్ వస్తే కాస్త ఊపిరి పీల్చుకుని ఏడాదికోసారికి మారొచ్చు.

స్టెప్ 5: పాక శుభ్రం

ఎండ ఈ క్రిమికి శత్రువు, నీడలో తడి పేడలో మాత్రం నెలలు బతుకుతుంది. కాబట్టి ముందు పేడ, పాత గడ్డి మొత్తం గీకి తియ్యాలి, కడగాలి, ఆ తర్వాతే మందు కొట్టాలి, పేడ మీద మందు పోస్తే మందు వృథా. 5 శాతం ఫినాల్ ద్రావణం పట్టించి కనీసం అరగంట ఆగి కడగండి. ఈ క్రిమికి మైనపు పొర ఉంటుంది కాబట్టి మామూలు క్రిమిసంహారకాలకి తేలిగ్గా లొంగదు, ఇంట్లో గచ్చు తుడిచే సువాసన ఫినాయిల్‌ని నమ్ముకోవద్దు. తూర్పు గోడకి కిటికీ లేకపోతే పెట్టించండి, టార్పాలిన్లు కట్టేసి ఉంటే పగలు ఎత్తెయ్యండి. తీసిన పేడ నేరుగా కూరగాయల మళ్లకి వెయ్యకుండా దిబ్బలో బాగా మాగనివ్వండి. పేడలో, కొన్నిసార్లు మూత్రంలో కూడా క్రిమి ఉండొచ్చు, టెస్ట్ చెయ్యని ఆవు గోమూత్రం పచ్చిగా తాగడం గురించి మీరే ఆలోచించుకోండి.

పశువు చనిపోతే ఊళ్లోనే కోసి చూడటం, తోలు తియ్యడం వద్దు. డాక్టర్‌ని పిలిస్తే ఆయన జాగ్రత్తలతో కోసి ఊపిరితిత్తులు, గడ్డలు చూస్తారు, టీబీ అయితే పసుపుపచ్చగా, కోస్తే ఇసక తగిలినట్టు కరకరలాడే గడ్డలుంటాయి. ఆ తర్వాత ఆరడుగుల గొయ్యి తీసి సున్నం వేసి, బావికీ చెరువుకీ దూరంగా పూడ్చండి.

స్టెప్ 6: ఇంట్లో మనుషులు

పశువు పాజిటివ్ అని తెలిసిన రోజే ఇంట్లో అందరూ, పాలేరు కుటుంబంతో సహా, గవర్నమెంట్ ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం అందరికీ తెలిసినవే. పాలతో వచ్చిన టీబీ మాత్రం చాలాసార్లు ఊపిరితిత్తుల్లో ఉండదు, మెడ పక్కన గడ్డలుగా, మన పెద్దలు గండమాల అన్నదే, లేదా కడుపులో నొప్పి, వాపుగా వస్తుంది. దగ్గు లేదు కాబట్టి టీబీ కాదు అని తీసెయ్యొద్దు, కళ్లె టెస్ట్ నెగెటివ్ వచ్చినా సరే. పిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త.

డాక్టర్‌తో నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుంది: మా ఇంట్లో పశువులున్నాయి, పచ్చిపాలు తాగే అలవాటుంది, ఫలానా ఆవుకి పాజిటివ్ వచ్చింది. ఆయన అడగడు, అడిగే అలవాటు మన ఆసుపత్రుల్లో లేదు, పశువుల డాక్టరూ మనుషుల డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఆ కబురు మొయ్యాల్సింది మనమే. దీని మీద ట్రీట్‌మెంటే మారొచ్చు. టీబీకి మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో ఒకటైన పైరజినమైడ్‌కి బోవిస్ పుట్టుకతోనే లొంగదు, అది తేలితే డాక్టర్ కోర్సు పొడిగించొచ్చు. సీబీనాట్ మిషన్ టీబీ ఉందో లేదో చెప్తుంది గానీ మనుషుల రకమా పశువుల రకమా అని విడదీసి చెప్పదు, దానికి కల్చర్‌కి పంపి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి, రకం తేల్చమని అడగాలి. అది తేలేలోపు మందులు మాత్రం ఆపొద్దు, ఇచ్చినవి ఇచ్చినట్టు వాడండి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, టీబీ రోగుల తిండి ఖర్చుకిచ్చే నిక్షయ్ పోషణ్ కింద 2024 నవంబర్ నుంచి నెలకి 1000 రూపాయలు కూడా ఖాతాలో వేస్తున్నారు, డౌట్లుంటే 1800-11-6666కి ఫోన్ చెయ్యండి.

రివర్స్ కూడా ఉంది, దీన్ని జనం అస్సలు పట్టించుకోరు. మనిషికున్న టీబీ పశువుకి అంటుకుంటుంది, మన దేశంలో పశువుల నుంచి మనుషుల రకం క్రిమిని ల్యాబుల్లో తీశారు. టీబీ మందులు మొదలుపెట్టినవాళ్లని డాక్టర్ సరే అనేదాకా పాలు పిండటానికి, గడ్డి వెయ్యడానికి పంపొద్దు. పాకలో గుట్కా, ఖైనీ నమిలి గడ్డి మీద ఉమ్మడం ఎవరికున్నా మాన్పించండి.

స్టెప్ 7: కొత్త పశువుని కొనేటప్పుడు

చాలా పాకల్లోకి ఈ జబ్బు నడిచి రాలేదు, మనమే లారీలో తెచ్చుకున్నాం. హర్యానా నుంచి ముర్రా, బెంగళూరు వైపు నుంచి హెచ్‌ఎఫ్ తెచ్చుకునేటప్పుడు రోజుకెన్ని లీటర్లు, ఎన్నో ఈత, చన్నులు ఎలా ఉన్నాయి అని గంటలు చూస్తాం, టీబీ టెస్ట్ గురించి ఒక్క ముక్క అడగం. హెచ్‌ఎఫ్ లాంటి విదేశీ జాతులకీ, వాటి క్రాస్‌లకీ మన నాటు పశువుల కంటే ఇది తేలిగ్గా వస్తుంది, అందులోనూ ఫామ్‌లో ఇరుకుగా కట్టేసి పెంచినవాటికి.

బేరం కుదిరాక అడ్వాన్స్ ఇచ్చి, టీబీ, బ్రుసెల్లా (ఈసుకుపోయే జబ్బు) రెండు టెస్టులూ నెగెటివ్ వస్తేనే మిగతా డబ్బు అని ముందే మాట్లాడుకోండి, మూడు రోజులు ఆగడానికి ఒప్పుకోని దళారి ఎందుకు ఒప్పుకోవట్లేదో మీకే తెలిసిపోతుంది. రిపోర్ట్ కాగితం ఇస్తే అందులో చెవి పోగు నంబరు, ఈ పశువు చెవికున్న నంబరు ఒకటేనా అని చూడండి. తెచ్చాక నేరుగా మందలో కలపకుండా వేరే చోట కట్టి, ముందు టెస్ట్ అయిన రోజు నుంచి రెండు నెలలు నిండాక ఇంకోసారి చేయించి అప్పుడు కలపండి. ఈలోపు దాని పాలు కూడా వేరే బకెట్‌లో పిండి, విడిగా కాచుకోండి.